ఎవరిదీ మచ్చ?

మార్చి 4
ఆస్పత్రి నుంచి ఫోన్. స్కాన్లు చూసే డాక్టరమ్మ. ముగ్గురు పేషెంట్ల ఊపిరితిత్తుల్లో ఒకే మచ్చ కనిపిస్తోందట. అదే చోట, అదే ఆకారం. వాళ్ళలో ఒక కాలేజీ అమ్మాయికి ఎల్లుండి ఆపరేషన్. మీ సర్వర్‌కేమైనా దయ్యం పట్టిందా అని నవ్వబోయి ఆగిపోయింది.
ముందు ఆ ఆపరేషన్ ఆపించమన్నాను.

మార్చి 5
పొద్దుట్నుంచీ ఆస్పత్రి సర్వర్ రూమ్‌లోనే. చలి, ఫ్యాన్ల హోరు. సర్వర్‌ని నడిపే మా కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్‌ని అణువణువూ గాలించా. దాని తప్పేం లేదు.

సాయంత్రం
దొరికింది. డిస్క్‌కి డేటా అందించే చిప్‌ది లోపం. పోయిన నెల మెమరీ పెంచారు. ఆ పెంచిన భాగంలోంచి తీసుకోవాల్సి వస్తే ఈ చిప్ ఒక్కోసారి తీసుకున్నట్టు నటిస్తుంది. తన దగ్గర మిగిలిన పాత ముక్కనే, అంటే అంతకుముందు పేషెంటు స్కాన్ ముక్కనే, రాసేస్తుంది. అసలు ముక్క ఆలస్యంగా వచ్చి తర్వాతి వాళ్ళ స్కాన్‌లో పడుతుంది. ఎర్రర్ రాదు. అంతా ఓకే అంటుంది.

మార్చి 6
చిప్ కంపెనీ ఇంజనీరు తాపీగా చెప్పాడు, అది పాత మోడలండీ, మీరే ఏదో సర్దుకోండి అని. సర్దుకున్నా. ప్రతి డేటానీ ముందు పాత మెమరీలోకి కాపీ చేసి, అక్కణ్ణుంచే చిప్‌కి ఇచ్చేలా ప్యాచ్ రాశా. నత్తనడక. కానీ ఒక్క తేడా లేదు. ఆ ముగ్గురికీ మళ్ళీ స్కాన్ తీస్తే ఎవరికీ మచ్చ లేదు. అయిపోయిందిగా, ఇంటికి రా అన్నాడు మా ఆయన.

మార్చి 7
స్నానం చేస్తుంటే తట్టింది. సబ్బు నురగతో అలాగే నిలబడిపోయా.
మచ్చ ఆ ముగ్గురిదీ కాదు. మరి ఎవరిది?

మార్చి 8
ఆ ముగ్గురికన్నా ముందు స్కాన్ తీసింది ఒక బస్సు డ్రైవరుకి. అతని బొమ్మలో సరిగ్గా ఆ చోట ఇంకెవరిదో శుభ్రమైన ముక్క అతుక్కుని ఉంది. ఏమీ లేదు, దిగులు పడకండి అని పంపేశారు.
డాక్టరమ్మ ఫోన్ చేస్తే అతని భార్య ఎత్తింది. దగ్గు తగ్గలేదు గానీ దుమ్ము వల్లేమో అనుకుంటున్నారట, డ్యూటీకి వెళ్తున్నాడట. బాగుందన్నారుగా, మళ్ళీ ఎందుకు రమ్మంటున్నారు అని అడిగింది. డాక్టరమ్మ ఫోన్ నా చేతికిచ్చింది. మెషిన్ పొరపాటు అన్నాను. చెప్పింది మనుషులే కదండీ అంది ఆవిడ.
నా నంబర్ ఇచ్చా. ఇంకేం ఇవ్వగలను?

మార్చి 11
మళ్ళీ స్కాన్ తీశారు. మచ్చ ఉంది. కాస్త పెరిగింది. ఇప్పటికీ తీసెయ్యొచ్చంది డాక్టరమ్మ. డ్రైవరు స్క్రీన్ మీది మచ్చని వేలితో చూపించాడు. ఇది నాదేనా అని అడిగాడు.

మార్చి 19
ఆపరేషన్ అయింది. మొత్తం తీసేశామన్నారట. అతని భార్య నాకు ఫోన్ చేసింది, నిజమేనా అండీ అని.
అవునన్నాను. నాకేం తెలుసని?