ఆపమన్న మాట

బంగారుపాళ్యం,
శనివారం మధ్యాహ్నం

జయంతీ,

నువ్వు బిడ్డను తీసుకుని పాకాలలో మీ పుట్టింటికి వెళ్లి ఆరు రోజులైంది. ఆ పూట పళ్లెం విసిరినందుకు తప్పయిందని చెప్పాలని రోజూ ఫోను తీసేవాణ్ని, మాట రాక పెట్టేసేవాణ్ని. ఇప్పుడు ఫోను ఇంట్లోనే వదిలేసి, తిరుపతిలో కొన్న చిన్న టెంటుతో కొండ కింద మామిడితోట అంచుకు ఒక్కణ్నే వచ్చాను. మనుషుల మాట, మిషన్ల మోత లేనిచోట రెండు రోజులుంటే తల తేలికపడుతుందని ఎవరో అంటే నమ్మాను. తోట కాపలా అక్కమ్మ నమ్మలేదు. "ఒక్కడివే ఈడేం సేస్తావు నాయనా? ఏనుగులు తిరగతా ఉండాయి. పండ్లు దగ్గర పెట్టుకోబాక," అంది. ఈ ఉత్తరం ఆమెకే ఇచ్చి పోస్టు చేయిస్తాను.

నాది పని ఒత్తిడి అనుకుంటున్నావు. నేనే అలా చెప్పాను. మా మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో నేను చూసుకునే షిఫ్టులో పనిచేసే గంగులమ్మకు మిషన్‌లో పడి రెండు వేళ్లు పోయాయని కూడా చెప్పాను. నీకు చెప్పనిది ఒకటుంది. బెల్టులో టెంక ఇరుక్కుంటే ఆమె, "మిషన్ ఆపప్పా, తీసేస్తా," అంది. బయట కాయల లారీలు బారులు తీరి ఉన్నాయి. "ఆపితే పనంతా నిలిచిపోతాది, అట్లే లాగెయ్," అన్నాను. ఆ తర్వాత, ఆమె ఎవరికీ చెప్పకుండా చెయ్యి పెట్టిందని రాసిన కాగితం మీద సంతకం చేశాను. తప్పంతా ఆమెదేనని పనిలోంచి తీసేశారు.

ఇక్కడ గాలి తప్ప చప్పుడు లేదు. అందుకే కాబోలు, ఆమె మాట అక్కడికంటే గట్టిగా వినపడుతోంది.

యోగానంద

ఆదివారం ఉదయం

జయంతీ,

తెల్లవారుతుండగా కొమ్మ విరిగిన చప్పుడైంది. టెంటు జిప్పు తీస్తే ఎదురుగా ఏనుగు. మన వాకిలికీ వీధి కొళాయికీ ఉన్నంత దూరం. చెవులు ఆడించడం ఆపి నావైపే చూసింది. ఒక్క అడుగు వేసింది. ఆగు, ఆగు అని లోపల్లోపలే మొత్తుకున్నాను. నా తరఫున దాన్ని ఆపేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. గంగులమ్మకు మిషన్ ఆపడానికి నేనున్నాను. ఆమె అడిగింది కూడా.

ఏనుగు కాసేపు నిలబడి, తలతిప్పుకుని వాగువైపు వెళ్లిపోయింది. నేను బండమీద కూర్చుని ఎండెక్కేదాకా ఏడ్చాను. ఎవరూ చూడలేదు, ఎందుకని అడగలేదు. ఏడ్చాక ఆకలేసింది. నెల తర్వాత నిజంగా ఆకలేసింది. అక్కమ్మ ఇచ్చిన సంగటి ముద్ద మొత్తం తిన్నాను. రేపు ఊళ్లోకి తిరిగి వెళ్తాను.

యోగి

మంగళవారం

జయంతీ,

జరిగింది జరిగినట్టు రాసి నిన్న మేనేజరు చేతిలో పెట్టాను. "ఉద్యోగం పోతాది, తెలుసునా నీకు?" అన్నాడు. తెలుసన్నాను. ఇంకో కాగితం లేబర్ ఆఫీసులో ఇచ్చి, పూతలపట్టు దగ్గర గంగులమ్మ ఇంటికి వెళ్లాను.

వాకిట్లో కూర్చుని ఉంది. నేను రాసింది చదివి వినిపించాను. తర్వాత అడిగింది: "ఆ పొద్దు నేను గట్టిగా సెప్పలేదేమో, నీకు ఇనపళ్లేదేమో అని నా మీద నాకే కోపంగా ఉండాది. నా మాట ఇనపడిందా అప్పా?"

"ఇనపడిందమ్మా."

"అయితే ఆ మాట మా ధరణికి సెప్పు. సూసుకోకుండా సెయ్యి పెడితివని రోజూ నన్నే తిడతాది."

లోపలినుంచి కూతురు వచ్చింది. ఆమె ముందు నిలబడి మళ్లీ చెప్పాను. ఆ పిల్ల వెళ్లి తల్లి పక్కన కూర్చుని, కట్టుకట్టిన చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. నేను క్షమించమని అడగలేదు, వాళ్లు కూర్చోమని అనలేదు.

ఆదివారం సాయంత్రం పాకాలకు వస్తాను. నాకిప్పుడు ఉద్యోగం లేదు. నీ దగ్గర ఇంకేమీ దాచలేదు. ఇదంతా చదివాక లోపలికి రానిస్తావో లేదో నువ్వే చెప్పు.

నీ యోగి