పేపరుకే పరీక్ష

నెల్లూరు, జూన్ 3

జయరామయ్య గారికి నమస్కారం.

మనసు ఆరోగ్యం గురించి మా కాలేజీ నుంచి పంపిన ఇరవై ప్రశ్నల పేపరును మీ వీధిలో పన్నెండు మంది చేత దగ్గరుండి నింపించారు. ధన్యవాదాలు. రెండు వారాలైంది కాబట్టి అదే పేపరు మళ్ళీ పంపుతున్నాను. అందరూ మరోసారి నింపండి.

ఇట్లు,
సుప్రియ

గూడూరు, జూన్ 7

చిరంజీవి సుప్రియకు ఆశీస్సులు.

ఫెయిలైన వాళ్ళకే కదమ్మా మళ్ళీ పరీక్ష పెడతారు. నేను ఎక్కడ తప్పాను? నలభై ఏళ్ళు నేనూ మా తమ్ముడు నరేంద్రబాబూ కలిసి నిమ్మకాయల కొట్టు నడిపాం. నేను కాయ ఏరితే వాడు కాటా వేసేవాడు. ఎవరూ వంక పెట్టలేదు. వాడు పోయి ఏడాదైంది.

అయినా మీ పేపరు మామూలుది కాదు. "ఉన్నట్టుండి ఏడుపు వస్తుందా?" అని ఏడో ప్రశ్న. అరవై ఎనిమిదేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మనిషి లేడు. ఎక్కడో అచ్చయిన కాగితానికి ఇలా అడగాలని ఎలా తెలిసింది? చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

దీవెనలతో,
జయరామయ్య

తా.క. నాకు ఎన్ని మార్కులు వచ్చాయో రాయి. మా ఇంటిది పెంచలమ్మ కంటే తక్కువైతే రాయవద్దు.

నెల్లూరు, జూన్ 11

పెద్దాయనకు నమస్కారం.

మార్కులు లేవండీ. పరీక్ష మీకు కాదు, పేపరుకు. ఒకే మనిషిని కొన్నాళ్ళ తేడాతో రెండుసార్లు అడిగినా జవాబులు ఇంచుమించు ఒకేలా వస్తే ఆ పేపరును నమ్మవచ్చు. లేకపోతే పక్కన పెట్టేస్తాం.

ఇట్లు,
సుప్రియ

గూడూరు, జూన్ 16

అమ్మా సుప్రియా,

ముందే చెప్పకూడదా తల్లీ. అంత గొప్ప పేపరు ఫెయిలవుతుంటే చూస్తూ ఊరుకుంటామా? పోయినసారి జవాబులన్నీ నోటుబుక్కులో ఎక్కించి పెట్టుకున్నాను. ఎవరివి వాళ్ళకు కంఠస్థం చేయించాను. ఎదురింటి పేరమ్మ మాత్రం ఇప్పుడు తనకు దిగులు లేదని పేచీ పెట్టింది. పోయినసారి ఉంది కాబట్టి ఈసారీ ఉండి తీరాలని ఒప్పించాను. పేపర్లు దీనితోనే పంపుతున్నాను.

దీవెనలతో,
జయరామయ్య

తా.క. ధైర్యంగా ఉండమని పేపరుకు చెప్పు.

నెల్లూరు, జూన్ 21

జయరామయ్య గారికి,

రెండు వందల నలభై జవాబుల్లో ఒక్కటీ తేడా లేదు. మా సారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఇలాంటిది ఎక్కడా చూడలేదన్నారు. తర్వాత, ఇవన్నీ నువ్వే కూర్చుని రాశావా అని నన్ను అడిగారు. నెలాఖరులోగా నిజమైన జవాబులు చూపించకపోతే రెండేళ్ళ నా పరిశోధన ఆగిపోతుంది. ఖాళీ పేపర్లు మళ్ళీ పంపుతున్నాను. దయచేసి ఎవరి పేపరు వారే, ఒంటరిగా, ఉన్నది ఉన్నట్టు నింపి కవరు అంటించి ఇవ్వాలి.

ఇట్లు,
సుప్రియ

తా.క. పేపరు క్షేమం. నేనే బాగాలేను.

గూడూరు, జూన్ 27

తల్లీ సుప్రియా,

పన్నెండు కవర్లూ పంపుతున్నాను. నా ఉత్తరాలు కూడా సారుకు చూపించు, తప్పు ఎవరిదో తెలుస్తుంది.

అందరూ రాశారు గానీ నా చేయి ఆగిపోయింది. మా తమ్ముడి పాత కాటా మూలన పడి ముల్లు వంగింది. కిలో రాయి ఎన్నిసార్లు పెట్టినా కిలోంబావు చూపిస్తుంది. ప్రతిసారీ ఒకేలా, ప్రతిసారీ తప్పు. నా జవాబులూ అంతే.

పెంచలమ్మ పక్కన కూర్చుని మెల్లగా అనింది: "రెండుసార్లూ ఏడుపు రాదనే రాసినావు. నిమ్మ బస్తాల వెనక్కి పోయి కండ్లు తుడుచుకొనేది నేను చూడలేదనుకుంటుండావా?"

ఏడాదిగా తెలిసీ ఆమె అడగలేకపోయింది, నేను చెప్పలేకపోయాను. ఒక కాగితం అడిగింది. దానికి దండం పెట్టాలనిపించిందమ్మా. పేపరు అడుగున పేరున్న డాక్టరు గారి దగ్గరికి మంగళవారం ఇద్దరం వస్తున్నాం.

దీవెనలతో,
జయరామయ్య

తా.క. ఏడో ప్రశ్నకు ఈసారి "తరచుగా" అని రాశాను. జవాబు మారినందుకు పేపరుకు మార్కు తగ్గుతుందేమో. అది సరిగ్గానే అడిగిందని, నేనే రెండుసార్లు అబద్ధం రాశానని సారుకు చెప్పు.