ఈస్టర్ అయినా తీరని ఉపవాసం

ఈస్టర్ మర్నాడు, సోమవారం రాత్రి, చిలకలగూడ.

దేవా, నీకు వందనాలు. అక్క కూతురు సునీత ఈ రోజు నోరు విప్పింది.

ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు ఉపవాస రోజుల్లో అది అన్నం మానేస్తే ఇంటిల్లిపాదీ భక్తి అనుకున్నాం. ఉపవాసమంటూ సమోసాలు లాగించే చర్చి పెద్దలు కూడా మెచ్చుకున్నారు. నిన్న పండగ బిర్యానీ ముట్టకపోయేసరికి నాకు అనుమానం వచ్చింది. ఈస్టర్ వచ్చాక ఇంకెక్కడి ఉపవాసం?

ఇవాళ పొద్దున కంచం పక్కకు తోసి, "నేను సుత నీతోని ఉపవాసం షురూ చేసిన" అన్నాను. మధ్యాహ్నానికి నా పొట్ట ఇల్లంతా వినబడేలా మోగింది. పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"చర్చిల పాటలు పాడే క్వయిర్ గౌను నాకొక్కదానికే టైటయింది మామా. అందరు నవ్విన్రు. ఇప్పుడు తినాలంటేనే భయమైతుంది."

నోటిదాకా వచ్చిన జోకును మింగేశాను. "గౌను కుట్టినోనికి కొలతలు రాకుంటే నువ్వెందుకు పస్తులుండుడు బిడ్డా? ఆ భయం సంగతి డాక్టర్‌కు చెబుదాం" అన్నాను.

అక్క కోప్పడలేదు, తల నిమిరింది. ముగ్గురం పెరుగన్నం కలుపుకున్నాం. అది తిన్నది కొంచెమే. ఆ కొంచానికే నీకు స్తోత్రం.

"రేపు డాక్టర్ కాడికి నువ్వు సుత రావాలె మామా. కానీ ఆడ కామెడీ చెయ్యకు" అంది. సరేనన్నాను.

దేవా, రేపు ఒక్క పూట నా నోటికి తాళం వెయ్యి.