ఏడో మంచం

జూన్ 8, ఆదివారం. సాయంత్రం 6.30

బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టాను. పొద్దుటి మాత్ర వేసుకున్నాను, టిక్ పెట్టాను.

నాగల్‌గిద్దలో పెళ్లికి పోవడానికి మల్లీశ్వరి వదినతో ఖేడ్ బస్టాండ్‌లో నిలబడ్డాను. పట్నం బస్సులోంచి అమృతమ్మ దిగింది. మార్చిలో నేను పదిహేడు రోజులు ఉన్న మెంటల్ వార్డులో ఆమె ఆయా. నాలుగడుగుల దూరంలో ఆగి నన్ను చూసింది. పలకరించలేదు. ఎవలామె, నిన్నే జూస్తుంది అని వదిన అడిగింది. ఎవరో అన్నాను.

అమృతమ్మ కంగ్టి బస్సెక్కింది.

జూన్ 9

నిన్న ఒకటి రాయలేదు. నేను ‘ఎవరో’ అన్నది ఆమెకు వినపడింది.

జూన్ 17, మధ్యాహ్నం

పాత పేజీలు తిరగేశాను. మార్చి 4 నుంచి 20 వరకు ఖాళీ. ఇరవై రెండేళ్లుగా ఒక్క రోజు వదలకుండా రాసేదాన్ని. ఆ రోజులు నాకు సరిగా గుర్తు లేవు. గుర్తున్నదంతా అమృతమ్మే.

మూడో రోజు స్నానానికి లేపబోతే ఆమె ఎడమ మణికట్టు కొరికాను. రక్తం వచ్చింది. కట్టు కట్టించుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చింది. పండ్లు మంచిగున్నయ్ తల్లీ, గా పండ్లతోని అన్నం తినరాదా అంది. ఆ కట్టున్న చేత్తోనే నా తల దువ్వింది. ఆ తర్వాత రోజూ దువ్వింది. చిక్కు తీసేటప్పుడు నొప్పి పుట్టకుండా కుదుళ్ల దగ్గర జుట్టు పట్టుకునేది. మా అమ్మ కూడా అలా పట్టుకోలేదు.

డిశ్చార్జ్ రోజు అలవాటుగా పోయొస్త అన్నాను. గీడికి మల్లొస్తవా, పోత అను అని కసిరింది. బయట కనవడితె నేను ముందుగాల పిలువ, మీ వోళ్లకు నువ్వేం జెప్పుకున్నవో నాకేం ఎర్క, నువ్వు పిలిస్తెనే పలుకుత అని కూడా అంది.

పోత అని వచ్చేశాను. థాంక్స్ చెప్పలేదు.

మొన్న బస్టాండ్‌లో ఆమె మాట మీదే నిలబడింది. నేను పిలుస్తానేమోనని ఆగింది, అంతే.

జూలై 4

అమృతమ్మకు నెలలో రెండో ఆదివారం సెలవు, ఖేడ్‌లో బస్సు మారి ఊరికి పోతుంది. ఈసారి బస్టాండ్‌కి వెళ్లి కలుస్తానని మా ఆయనతో చెప్పాను. గర్భసంచి ఆపరేషన్ అని అందరికి చెప్పినం, ఇప్పుడు గీ పరేషాన్ ఎందుకు, ఒక చీర పంపిద్దాం, అయిపోతది అన్నాడు. వదిన చెవిన పడితే ఖేడ్ అంతా తెలుస్తుందన్నాడు. అది నిజమే.

పేరు లేకుండా పంపిన చీర ఎవరు పంపినట్టు?

జూలై 12

మాత్రకు టిక్ పెట్టానో లేదో మూడుసార్లు చూసుకున్నాను.

జూలై 13, ఆదివారం

కూరగాయలకని వదిన కూడా నా వెంట బస్టాండ్‌కి వచ్చింది. వద్దనలేదు.

అమృతమ్మ బస్సు దిగగానే పేరుతో పిలిచాను. ఆమె ముందు వదినను చూసింది, తర్వాత నన్ను. ఎవలమ్మా నువ్వు, గుర్తువట్టలే అంది.

ఏడో మంచం దాన్ని, నీ చెయ్యి కొరికిన దాన్ని అన్నాను. గట్టిగానే అన్నాను.

వదిన సంచి కింద పెట్టింది.

అమృతమ్మ నన్ను భుజాలు పట్టి వెనక్కి తిప్పింది. పాపిడ వంకర వోయింది అంది.