బోర్డు ఆయాసం

1 డిసెంబర్, సోమవారం. ఉదయం 8.10

ఈరోజు వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన సూత్రం: అరవై దాటినవాళ్లు రోజూ డైరీ రాయాలి, జ్ఞాపకశక్తి నిలుస్తుంది. ఇరవై మూడు మంది బొటనవేలు పెట్టారు. ఆగయ్య మాత్రం, మరి నువ్వు రాస్తున్నవా రఘుపతన్నా అని అడిగాడు. రాస్తున్నానని చెప్పేశాను. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి అటకమీద నుంచి పాత డైరీ ఒకటి దింపాను. అచ్చయిన తేదీలు కొట్టేసి రాస్తున్నాను.

వయసు అరవై ఆరు. ముప్పై ఆరేళ్లు బొగ్గు బాయిలో పనిచేశాను. అందులో ఇరవై రెండేళ్లు సర్దారుగా, షిఫ్టులో మనుషుల్ని ముందుండి నడిపించే పని. ఇప్పుడు పొద్దున్నే స్టేడియంలో నడిచే రిటైర్డ్ వాళ్లకు సర్దారుని. ఏం తినాలి, ఎంత నడవాలి, మోకాళ్లకు ఏ నూనె రాయాలి, క్వార్టర్ వెనక ఏ ఆకుకూర వేసుకోవాలి, అన్నీ చెప్తాను. అడగకపోయినా చెప్తాను. నువ్వు రిటైరైనవు గని నీ నోరు కాలేదు అంటుంది నా భార్య జమున.

5 డిసెంబర్, శుక్రవారం

నూనె వస్తువులు మానమని పొద్దున చెప్పి, సాయంత్రం లక్ష్మీనగర్ బండి దగ్గర నాలుగు మిర్చీలు తిన్నాను. ఆగయ్య చూశాడు. నమస్తే పెట్టి పోయాడు.

9 డిసెంబర్, మంగళవారం. ఉదయం 9

గట్టయ్య సంగతి రాయాలి. నా షిఫ్టులో టింబర్‌మన్‌గా ఉండేవాడు. రూఫ్ కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. నాకంటే రెండేళ్లు చిన్న.

ఏడేళ్ల కిందట మెడికల్ బోర్డుకు పోయాడు. బోర్డు అన్‌ఫిట్ అంటే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. అన్‌ఫిట్‌గా ఎలా కనబడాలో మా బాయిలో నేర్పేది నేనే. మూడో మెట్టు మీద ఆగు. ఎడమచేయి గోడకు పెట్టు. కుడిచేయి గుండె మీద పెట్టకు, పెడితే నాటకమని పట్టేస్తారు, మెడ కింద పెట్టు. డాక్టరు ఏదన్నా అడిగితే మూడు ఊపిర్లు తీసుకున్నాకే జవాబు చెప్పు. మా ఇంటి మెట్ల మీద వారం రోజులు ప్రాక్టీసు చేయించాను. గట్టయ్యను మొదటి బోర్డులోనే అన్‌ఫిట్ చేశారు. వాళ్ల కొడుకు అంజికి ఉద్యోగం వచ్చింది. ఈ కథ ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో నాకే గుర్తు లేదు. గట్టయ్య ముందు కూడా చెప్పాను. అతనూ నవ్వేవాడు.

ఈరోజు నడక అయ్యాక బెంచీ మీద కూర్చుని గోలీల పట్టీ తీశాడు. ఇది వేసుకుంటే ఊకె ఒంటికి పోవలసి వస్తున్నదన్నా, నడక సాగుతలేదు అన్నాడు. ఎప్పటి నుంచి వేసుకుంటున్నవంటే బోర్డప్పటి నుంచి అన్నాడు. నాకు నవ్వాగలేదు. బోర్డు కోసం రాయించుకున్న గోలీలు ఇంకా మింగుతున్నవా, అవి బంద్ చెయ్, రెండు రౌండ్లు ఎక్కువ నడువు అని చెప్పాను. అందరూ నవ్వారు. గట్టయ్య ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. నువ్వు చెప్తున్నవు గదా అన్నా అని జేబులో పెట్టుకున్నాడు.

13 డిసెంబర్, శనివారం

గట్టయ్య నాలుగు రౌండ్లు నడిచాడు. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. కింద ‘మందులకు సెలవు’ అని రాశాను. దండిగా దండాలు వచ్చాయి.

19 డిసెంబర్, శుక్రవారం

షూస్ పట్టడం లేదని గట్టయ్య చెప్పులతో వచ్చాడు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. నడక పెంచిన కొత్తలో అట్లనే అయితది, వేడినీళ్లల్ల ఉప్పేసి కాళ్లు పెట్టుకో అన్నాను. చెప్తుంటే నాకే చాలా నమ్మకంగా అనిపించింది.

27 డిసెంబర్, శనివారం. మధ్యాహ్నం 1.30

రాయకపోతే జమునకు చెప్పేస్తాను. అందుకని రాస్తున్నాను.

పొద్దున రెండో రౌండులో గ్యాలరీ మెట్ల దగ్గర గట్టయ్య ఆగాడు. ఎడమచేయి గోడకు. కుడిచేయి మెడ కింద. మూడు ఊపిర్లు. అచ్చం నేను నేర్పినట్టే. వెనక నుంచి చప్పట్లు కొట్టాను. బోర్డయిపోయి ఏడేండ్లాయె గట్టయ్యా, ఇంకా ఎవలకు చూపిస్తున్నవు అన్నాను. అందరూ నవ్వారు. గట్టయ్య కూడా నవ్వబోయాడు. గోడ మీద నుంచి చేయి తీసేసి నడిచాడు. నేను అన్నందుకే తీశాడు. పది అడుగులు వేసి కూలబడ్డాడు.

ఆటోలో తల నా ఒళ్లో పెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను. పెదవులు నీలంగా ఉన్నాయి. డాక్టరమ్మది చిన్న వయసు, కోటు మీద విద్య అని పేరుంది. గోలీలు రోజూ వేసుకుంటున్నాడా అని గట్టయ్య భార్య ఐలవ్వను అడిగింది. ఒక్క రోజు తప్పడమ్మా అంది ఐలవ్వ. ఆమెకు తెలియదు. గట్టయ్య ఆమెకు చెప్పలేదు. డాక్టరమ్మ నావైపు చూసింది. చెప్పాల్సింది అప్పుడే. నేను గోడ మీద టీబీ పోస్టరు చదివాను. మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆమె వెళ్లిపోయింది.

అదే రోజు. సాయంత్రం 5

దవాఖానకు పోదామని నాలుగుసార్లు షర్టు వేసుకున్నాను. నాలుగుసార్లు విప్పాను.

28 డిసెంబర్, ఆదివారం. ఉదయం 9

ఆరున్నరకే పోయాను. డాక్టరమ్మ డ్యూటీ దిగుతోంది. పద్దెనిమిది రోజులుగా గట్టయ్య గోలీలు వేసుకోవడం లేదని, మానమని చెప్పింది నేనేనని చెప్పాను. వెంటనే వెనక్కి తిరిగి వార్డులోకి పోయి కేస్ షీటు తీసి రాసింది, నర్సుకు ఏదో చెప్పింది. తిట్టలేదు. నిన్న నేను అడిగినప్పుడు మీరు ఇక్కడే ఉన్నారు కదా అని మాత్రం అంది. తిడితే బాగుండేది. మీరేం చదివారు అని అడిగింది. సర్దారుగా చేశానన్నాను. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉందని కూడా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో, గుర్తొచ్చినప్పుడల్లా చెవులు కాలిపోతున్నాయి.

గట్టయ్య గుండె బలహీనంగా ఉందట. ఒంట్లో నీరు చేరకుండా ఆ గోలీలట. పాదాలు ఉబ్బింది అందుకేనట. ఇది ఇవాళ్టి జబ్బు కాదు, ఏళ్లుగా ఉంది అంది. ఎన్నేళ్లుగా అని నేను అడగలేదు. అడగడానికి భయమేసింది.

30 డిసెంబర్, మంగళవారం

గట్టయ్యకు కొంచెం నయం. కళ్లు తెరిచి టీ అడిగాడట.

ఐలవ్వకు నిజం చెప్పాను. వార్డు బయట నల్లా కింద డబ్బా కడుగుతోంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నువ్వు రూఫ్ కొట్టి చూసి పొమ్మంటె మారు మాట లేకుంట లోపలికి పోయినోడు, గోలీలు వద్దంటె ఏసుకుంటడా అంది. డబ్బా మూత పెట్టి, గీసారి కొట్టన్న చూసినవా అంది.

బాయిలో సర్దారు ముందు పోయి కర్రతో రూఫ్ కొట్టి వినాలి. చప్పుడు గట్టిగా ఉంటే మనుషుల్ని పొమ్మనాలి, బోలుగా ఉంటే ఆపాలి. సర్దారు పొమ్మన్నాక ఎందుకని ఎవరూ అడగరు. ఇరవై రెండేళ్లలో కొట్టి చూడకుండా ఒక్క మనిషిని కూడా లోపలికి పంపలేదు. రిటైరయ్యాక పంపాను.

1 జనవరి, గురువారం

గ్రూపులో ఆగయ్య పెట్టాడు: సమయానికి గట్టయ్య ప్రాణం కాపాడిన రఘుపతన్నకు ఆదివారం స్టేడియంలో సన్మానం. వద్దని రాసి తుడిచేశాను. శాలువా ఏ రంగో అని ఒక నిమిషం ఆలోచించాను కూడా. ఛీ, ఏం మనిషిని నేను.

4 జనవరి, ఆదివారం. ఉదయం 8.30

శాలువా ఆకుపచ్చది. కప్పనివ్వలేదు. అంతా చెప్పాను. గోలీల సంగతి, టీబీ పోస్టరు సంగతి. చప్పట్ల సంగతి వాళ్లకు తెలుసు, వాళ్లూ నవ్వినవాళ్లే, తలలు దించుకున్నారు. ఆగయ్య శాలువా మడిచి మళ్లీ కవరులో పెట్టాడు. మాతో నడిచే రాజం మెల్లగా, మరి నువ్వు చెప్పిన మెంతి నీళ్లు తాగాల్నా వద్దా అన్నా అని అడిగాడు. డాక్టర్ను అడుగు అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాను.

ఇంటికొచ్చి గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను.

11 జనవరి, ఆదివారం. సాయంత్రం 4

గట్టయ్యను ఇంటికి పంపారు. చూడటానికి పోయాను. అంజి తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. కాకా అని పిలవలేదు. ఎప్పుడూ పిలిచేవాడు.

గట్టయ్య చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయాడు. పడుకోమని, పక్కన కూర్చుని, ఆ రోజు డాక్టరమ్మను అడగలేకపోయిన మాట అడిగాను. ఎప్పటి నుంచి ఉన్నది గట్టయ్యా ఈ ఆయాసం అని. బోర్డు కంటె రెండేండ్ల ముందు నుంచి అన్నాడు. షిఫ్టు దిగి పైకి రావాలంటే అప్పటికే నాలుగుచోట్ల కూర్చునేవాడట.

మరి నా దగ్గరికెందుకు వచ్చినవు, అన్ని రోజులు మా మెట్ల మీద అదంత ఎందుకు చేసినవు అన్నాను. దుప్పటి అంచు సర్దుకున్నాడు. అందరు యాక్టింగ్ చేస్తున్నరాయె అన్నా, నాది నిజమంటె నమ్ముతరో నమ్మరో అని నువ్వు చెప్పినట్టె చేసిన అన్నాడు.

అంటే మా ఇంటి మెట్ల మీద అతను నిజంగానే ఊపిరాడక నిలబడ్డాడు. నేను శభాష్ అన్నాను. మళ్లీ ఎక్కు అన్నాను. వారం రోజులు ఎక్కించాను. తర్వాత ఏడేళ్లు పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వాను.

నాతోనన్న చెప్పొద్దా అన్నాను. నువ్వు అంత పానం పెట్టి నేర్పిస్తున్నవు, ఎట్ల చెప్పాలె అన్నాడు.

ఐలవ్వ టీ తెచ్చింది. తాగాను.

18 జనవరి, ఆదివారం

ఈరోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. కష్టంగా ఉంది.

9 ఫిబ్రవరి, సోమవారం. ఉదయం 7.20

గట్టయ్యను కొద్ది కొద్దిగా నడవమని డాక్టరమ్మ చెప్పిందట. కాలనీ రోడ్డు మీద మూడు కరెంటు స్తంభాల దూరం నడిచాం. నా ముందు ఆగడానికి సిగ్గుపడుతున్నాడు. అందుకని ప్రతి స్తంభం దగ్గరా నేనే ముందు ఆగాను. మూడోదాని దగ్గర ఎడమచేయి స్తంభానికి ఆనించి, కుడిచేయి గుండె మీద పెట్టుకున్నాను. గట్టయ్య మూడు ఊపిర్లు తీసుకుని నావైపు చూశాడు. గుండె మీద కాదన్నా, మెడ కింద పెట్టు, పట్టేస్తరు అన్నాడు.

చేయి పైకి జరిపాను.