డ్రైవర్ డోరు మీద గీత

ఏమండీ,

మీ కారు టచప్ పెయింటు గార్డు భయ్యా తెచ్చిచ్చాడు. ఫ్రిజ్ మీద పెట్టాను. హ్యాండిల్ కింద గీతని షాంపూ నీళ్లతో కడిగి, ఆరాక సన్నగా వెయ్యండి. మొదటి పూత ఆరకుండా రెండోది వెయ్యకూడదట. ఎండలో వద్దు.

డోరు తీసేటప్పుడు తగిలి గీశాయని నా గాజులు తీయించారు. పది రోజులైంది. నిన్న వీడియో కాల్‌లో నా బోసి చేతులు చూసి అమ్మ హడలిపోయింది. "అల్లుడుగారు బాగున్నారా?" అని అడిగింది. ఆయన బాగానే ఉన్నారు, కారుకే దెబ్బ తగిలిందని చెప్పాను.

మెట్రోకి టైమైంది. కూర వేడి చేసుకోండి.

అన్నట్టు, పొద్దున చూశాను. పాత గీత పక్కనే కొత్తది పడింది. పెయింటు వేసేముందు మీ చేతికున్న స్టీలు కడియం తీసి పక్కన పెట్టండి.