పాటకు ఆధార్ జిరాక్స్

మంగళవారం, తాండూరు

ఈ రోజు అత్తమ్మను తీసుకుని వికారాబాద్‌లో ఎంపీ గారి ఆఫీసుకు వెళ్లొచ్చాను. ఇది మాదని ఎవరైనా ఒక్క మాటంటే చాలు, నెట్‌లో మనం పెట్టిన పాటను మనల్ని అడగకుండానే తీసేసేలా కొత్త చట్టం తెస్తారట. వరి నాట్లేసేటప్పుడు పాడే పాటలు, అత్తమ్మ పాడినవి, నా ఛానెల్‌లో నలభై దాకా ఉన్నాయి. తీసే ముందు మమ్మల్ని ఒక్కసారి అడగండని వినతిపత్రం రాశాను.

నాకు తెలియకుండా ఆమె దానికి తన ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు పిన్ను కొట్టింది. లీడర్ల దగ్గరికి వట్టి కాగితంతో పోకూడదని ఆమె లెక్క. పీఏ చదవకుండానే తీసుకెళ్లి పింఛన్ల కట్టలో పెట్టాడు! నాకు ఒళ్లు మండింది. అత్తమ్మ మాత్రం నవ్వింది.

"పింఛన్ వస్తనే ఉన్నది కొడుకా. పోయేది పాట," అని పీఏతో అంటూ అక్కడే ఒక పాట అందుకుంది.

పీఏ కాగితం వెనక్కి తీసి, చివరిదాకా చదివాడు. "మా అమ్మ గూడ కుల్కచర్లల గిదే పాడుతది అవ్వా," అన్నాడు. సార్‌కు చూపిస్తానన్నాడు. చూపిస్తాడో లేదో...

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్తమ్మ, "గా పిలగాని అమ్మ ఆధార్ గూడ పెట్టాల్నేమో. పాట ఆమెది గూడ గద," అంది. నవ్వాపుకోలేక ఆమె భుజం మీద వాలిపోయాను.

కాసేపు కిటికీలోంచి చూసి, మెల్లగా అడిగింది. "మరి నాకు నేర్పింది మా అమ్మ. ఆమె ఉన్నప్పుడు ఆధార్లే లేకుండె. ఎట్ల బిడ్డా?"